కాక్‌పిట్‌లో టాబ్లెట్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విమాన పైలట్ల చేతిలో కనిపించే టాబ్లెట్ గురించే. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగిన చోట కలిపేశాం. జవాబులు అన్నీ ఒకే పొడవున లేవు. మూడో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాం, దానికి కారణం అక్కడే తెలుస్తుంది.

ఒకప్పుడు పైలట్లు బరువైన నల్ల పెట్టె ఒకటి మోసుకెళ్లేవారు. ఇప్పుడది కనబడటం లేదు. అందులో ఏముండేది? ఎక్కడికి పోయింది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

అందులో ఉండేది అంతా కాగితమేనండీ. ఎక్కడ దిగాలో, ఎటు నుంచి రావాలో చూపే విమానాశ్రయ చార్టులు, దారి మ్యాపులు, విమానం మాన్యువల్స్, కంపెనీ నిబంధనల పుస్తకం, బరువుకు తగ్గ వేగాల పట్టికలు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ లెక్కలో ఒక్కో పెట్టె 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. కాక్‌పిట్ ఇరుకులో దాన్ని ఎత్తి దించి భుజాలు, నడుములు పట్టేసినవాళ్లు తక్కువేం కాదు.

బరువుకంటే విసిగించింది పేజీలు మార్చడం. ప్రపంచమంతటా విమానయాన సమాచారంలో మార్పులు 28 రోజుల చక్రంలో, గురువారం నాడు అమల్లోకి వస్తాయి. కొత్త పేజీల కట్ట రాగానే రింగు బైండర్ తెరిచి, పాతవి పీకి, కొత్తవి దూర్చాలి. ఒక్క పేజీ తప్పు చోట పడితే రాత్రి వానలో దిగేటప్పుడు కావలసిన చార్టు దొరకదు.

ఆ పెట్టె స్థానంలో వచ్చినదే ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్, వాడుకలో ఈఎఫ్‌బీ. మొదట లాప్‌టాప్‌లు వచ్చాయి. 2011లో అలాస్కా ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు ఐప్యాడ్లు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా అన్ని దశల్లోనూ ఐప్యాడ్ వాడటానికి అనుమతి వచ్చింది. డెల్టా 2013లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ఎంచుకుని, తర్వాత అదీ ఐప్యాడ్‌కే మారింది. మన దేశంలోనూ విమాన సంస్థలు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతితో ఈఎఫ్‌బీలు వాడుతున్నాయి. కాగితం మాత్రం పూర్తిగా పోలేదు. అత్యవసర చర్యల పుస్తకం, అంటే క్యూఆర్‌హెచ్, చాలా విమానాల్లో ఇప్పటికీ అచ్చు రూపంలో పైలట్ చెయ్యి అందే చోట ఉంటుంది. పొగ కమ్మినప్పుడు తెర మీద వెతుక్కోవడం కంటే అదే నయం.

గాల్లో ఉండగా ఆ టాబ్లెట్ హ్యాంగ్ అయితే విమానం గతేమిటి?
— గృహిణి, కరీంనగర్

విమానానికి ఏమీ కాదు. అది విమానాన్ని నడిపే యంత్రం కాదు, దానికి ఆటోపైలట్‌తో సంబంధం ఉండదు. దారి, వేగం, ఎత్తు చూసుకునేది విమానంలోనే బిగించి ఉన్న ఫ్లైట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, ఎఫ్‌ఎంఎస్. దాని నావిగేషన్ డేటా దానికి వేరే ఉంటుంది. పైగా కెప్టెన్‌కు ఒకటి, ఫస్ట్ ఆఫీసర్‌కు ఒకటి టాబ్లెట్లు ఉంటాయి. ఒకటి పోతే రెండోది ఉంది. రెండూ పోతే చార్టు వివరాలు రేడియోలో కంట్రోలర్‌ను అడగవచ్చు.

అయితే రెండు టాబ్లెట్లలోనూ ఒకే యాప్, ఒకే డేటా ఉన్నప్పుడు రెండూ ఒకేసారి పోవచ్చు. 2015 ఏప్రిల్ చివర్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో జరిగింది ఇదే. వాషింగ్టన్‌లోని రీగన్ నేషనల్ విమానాశ్రయం చార్టు ఒకటి డేటాబేస్‌లో రెండుసార్లు పడింది. జంటగా ఉన్న ఆ చార్టులతో ఏం చేయాలో తెలియక యాప్ మూసుకుపోయింది. కొన్ని డజన్ల విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్ని రన్‌వే దిశగా బయల్దేరాక వైఫై కోసం మళ్లీ గేటు దగ్గరికి రావలసి వచ్చింది. మందు చాలా మామూలుది: యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకోవడమే. జనం ఇబ్బంది పడ్డారు, ప్రమాదం మాత్రం ఏమీ లేదు. టాబ్లెట్ ఆగిపోతే అది ఆగిపోయిందని కనీసం కంటికి కనిపిస్తుంది.

మరి ప్రమాదం ఎక్కడుంది? టాబ్లెట్ వల్ల విమానాలు దెబ్బతిన్న సందర్భాలు నిజంగా ఉన్నాయా?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

ఉన్నాయి. వాటిలో టాబ్లెట్ చక్కగా పనిచేసింది, లెక్కలో తప్పు లేదు. దానికిచ్చిన అంకె తప్పు.

టేకాఫ్‌కు ముందు పైలట్లకు మూడు వేగాలు కావాలి. వీ1 దాటాక ఇక విమానాన్ని రన్‌వే మీద ఆపే ప్రయత్నం చేయకూడదు. వీఆర్ దగ్గర ముక్కు ఎత్తాలి. ఒక ఇంజిన్ ఆగిపోయినా పైకెక్కడానికి సరిపోయే వేగం వీ2. వీటితోపాటు ఇంజిన్‌కు ఎంత బలం కావాలో కూడా టాబ్లెట్టే లెక్కగడుతుంది. రన్‌వే పొడవుగా ఉండి బరువు తక్కువైతే ఇంజిన్ పూర్తి శక్తి వాడక్కర్లేదు. బయట ఉన్నదానికంటే ఎక్కువ వేడి ఉందని ఇంజిన్ కంప్యూటర్‌కు చెబితే అది బలం తగ్గిస్తుంది. ఎయిర్‌బస్ వాళ్లు ఆ అంకెను ఫ్లెక్స్ టెంపరేచర్ అంటారు. ఇంజిన్ ఆయుష్షు పెరుగుతుంది కాబట్టి రోజూ చేసే పనే.

ఇప్పుడు బరువు తక్కువగా కొట్టారనుకోండి. వేగాలు తక్కువ వస్తాయి, దానితోపాటు ఇంజిన్ బలమూ తగ్గుతుంది. బరువైన విమానం మెల్లగా వేగం పుంజుకుంటూ, లేవడానికి చాలని వేగంలోనే ముక్కెత్తుతుంది. తోక నేలకు రాసుకుంటుంది. రన్‌వే అయిపోతూ ఉంటుంది.

2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఏ340-500కు జరిగింది ఇదే. ఈఎఫ్‌బీ లాప్‌టాప్‌లో 362.9 టన్నులకు బదులు 262.9 అని పడింది. ఒక్క అంకె తేడా, నూరు టన్నుల తేడా. తోక రన్‌వే మీద ఈడ్చుకుపోయింది, విమానం రన్‌వే చివర దాటాక గానీ సరిగా లేవలేదు, అవతలి ల్యాండింగ్ పరికరాలను తాకింది. చివరి క్షణంలో కెప్టెన్ పూర్తి బలం ఇవ్వబట్టి 275 మందీ బతికి బయటపడ్డారు. 2004 అక్టోబరు 14న కెనడాలోని హాలిఫాక్స్‌లో ఎంకే ఎయిర్‌లైన్స్ సరుకుల 747కు ఆ అదృష్టం లేదు. అంతకుముందు ఎక్కిన బ్రాడ్‌లీ విమానాశ్రయం నాటి బరువే, సుమారు 240 టన్నులు, లాప్‌టాప్ లెక్కలోకి వచ్చి ఉంటుందని దర్యాప్తులో తేలింది. అసలు బరువు 353 టన్నులు. విమానంలోని ఏడుగురూ చనిపోయారు.

మూడోది ఐప్యాడ్ కాలం నాటిది. దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. 2014 ఆగస్టు 1న సిడ్నీ నుంచి డార్విన్ వెళ్తున్న క్వాంటాస్ 737. బరువు 76,400 కిలోలు. కెప్టెన్ కాగితం మీద కూడికలో ఒకటి మిగులు కలపడం మర్చిపోయి 66,400 రాసుకున్నారు. ఫస్ట్ ఆఫీసర్ తన వంతుగా ఐప్యాడ్‌లో కొట్టేటప్పుడు 76,400ను 66,400గా కొట్టారు. ఎవరి తప్పు వాళ్లు విడివిడిగా చేసి, ఒకే తప్పు అంకెకు వచ్చారు! రెండూ సరిపోయాయి కాబట్టి అనుమానం రాలేదు. టేకాఫ్‌లో తోక కింద ఉండే రక్షణ దిమ్మ నేలకు తగిలింది. రెండు జవాబులు కలిసినంత మాత్రాన జవాబు ఒప్పు కాదు. అందుకే ఇద్దరి లెక్కలు పోల్చడంతో సరిపెట్టుకోకుండా, టాబ్లెట్‌తో సంబంధం లేని మూడో అంకె ఒకటి ఉండాలి.

ఏ320లో ఆ మూడో అంకె సులువుగా దొరుకుతుంది. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాపులు పూర్తిగా ముడిచినప్పుడు, గాలి నిరోధంతో పోలిస్తే పైకెత్తే బలం అన్నిటికంటే ఎక్కువగా ఉండే వేగాన్ని గ్రీన్ డాట్ అంటారు. విమానం ఎఫ్‌ఎంఎస్ తనకిచ్చిన బరువుతో దాన్ని వేరుగా లెక్కగడుతుంది. టాబ్లెట్ కూడా చూపిస్తుంది. రెండూ దాదాపు ఒకటిగా ఉండాలి. నోటి లెక్క కూడా ఉంది: 20,000 అడుగుల లోపు, బరువు టన్నుల్లో తీసుకుని రెట్టింపు చేసి 85 కలపండి. ఇంధనం లేకుండా బరువు 60.5 టన్నులు, టేకాఫ్ నాటికి ఇంధనం 8.6 టన్నులు అనుకుంటే మొత్తం 69.1. గ్రీన్ డాట్ సుమారు 223 నాట్లు. కంగారులో ఇంధనం కలపని 60.5నే టేకాఫ్ బరువుగా కొట్టేస్తే టాబ్లెట్ 206 చూపిస్తుంది. పదిహేడు నాట్ల తేడా ఎవరికైనా కనబడుతుంది, చూస్తే. ఎఫ్‌ఎంఎస్‌లోనూ అదే తప్పు కొట్టి ఉంటే ఈ పరీక్ష కూడా పట్టుకోదు. అప్పుడు దిక్కు విమానం బరువుల వివరాలుండే లోడ్‌షీటే. దాన్ని గట్టిగా చదివి సరిచూసుకోవాలి.

బరువు తర్వాత ఎక్కువగా తప్పేది రన్‌వే మొదలు. రన్‌వే పూర్తి పొడవుకు లెక్కవేసి, కంట్రోలర్ రన్‌వే మధ్యలో కలిసే దారి నుంచి టేకాఫ్‌కు అనుమతి ఇస్తే సరేనని వెళ్లిపోవడం. గాలి దిక్కు మారి రన్‌వే మారినా పాత లెక్కతోనే కదలడం ఇంకొకటి. టాక్సీ చేస్తూ, అంటే విమానాన్ని నేల మీద నడిపిస్తూ, ఒంటిచేత్తో మళ్లీ లెక్క కట్టకూడదు. ఆగి, బ్రేకు వేసి, ఇద్దరూ మొదటి నుంచి చేయాలి. ఆలస్యం అవుతుందా? అవనివ్వండి.

నేను ఫ్లయింగ్ స్కూల్‌లో చేరాను. ఎయిర్‌లైన్ పైలట్ విమానం ఎక్కే ముందు టాబ్లెట్‌లో ఏమేం చూసుకుంటాడు?
— శిక్షణార్థి, హైదరాబాద్

కంపెనీని బట్టి వరుస మారుతుంది గానీ పని ఇదే. ఇంట్లోనే, మంచి వైఫై మీద, చార్టుల డేటాబేస్ అప్‌డేట్ చేసుకోవాలి. పైన చెప్పిన 28 రోజుల చక్రం నంబరు చూడాలి: 2601 అంటే 2026లో మొదటిది. గ్రీన్‌విచ్ కాలంలో అర్ధరాత్రికి కొత్తది అమల్లోకి వస్తుంది, మనకది గురువారం తెల్లవారుజామున 5:30. బుధవారం రాత్రి బయల్దేరి గురువారం ఉదయం దిగే విమానానికి రెండు చక్రాలూ టాబ్లెట్‌లో ఉండాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ రమ్మని పిలిచినా కంపెనీ అనుమతి ఇచ్చేదాకా చేయకూడదు. కొత్త వెర్షన్‌లో చార్టుల యాప్ తెరుచుకోకపోతే ఆ రోజు డ్యూటీ గల్లంతే. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి ఉంచాలి.

తర్వాత ఛార్జ్, కంపెనీ చెప్పిన శాతానికి తగ్గకుండా. ఫ్లైట్ ప్లాన్, వాతావరణం, నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) దిగాయా అన్నది. బయల్దేరే చోటు, గమ్యం, ప్రత్యామ్నాయ విమానాశ్రయం చార్టులు ఒక్కోటి తెరిచి చూడటం. జాబితాలో పేరు కనబడినంత మాత్రాన ఫైలు దిగిందని కాదు, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తెరిస్తేనే నిజం తెలుస్తుంది. టేకాఫ్ లెక్కలు కట్టే పర్ఫార్మెన్స్ యాప్‌లో విమానం రిజిస్ట్రేషన్ సరైనదేనా చూడాలి. ఒకే రకం విమానాల్లోనూ ఇంజిన్లు వేరుగా ఉండొచ్చు. పాత ఫ్లైట్ తాలూకు అంకెలు మిగిలి ఉంటే దిద్దవద్దు, మొత్తం తుడిచి కొత్తగా కొట్టండి. హాలిఫాక్స్ సంగతి పైన రాశాం కదా.

మన దేశపు చార్టులు అలవాటు చేసుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఆన్‌లైన్‌లో ప్రచురించే విమానయాన సమాచార సంపుటి ఈ-ఏఐపీలో శంషాబాద్, గన్నవరం, రేణిగుంట పత్రాలు ఉచితంగా దొరుకుతాయి.

మే నెలలో మా ఊళ్లో ఫోన్ ఎండలో పెడితే ఆగిపోతోంది. కాక్‌పిట్ అద్దం పక్కన టాబ్లెట్ ఎలా తట్టుకుంటుంది?
— మొబైల్ దుకాణం యజమాని, విజయవాడ

తట్టుకోదు, మీ అనుమానం నిజమే. ఐప్యాడ్‌కు ఆపిల్ చెప్పే పని ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మూసిన కాక్‌పిట్‌లో, కిటికీకి సక్షన్ కప్పుతో అంటించిన టాబ్లెట్‌పై నేరుగా ఎండ పడితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ముందు ఛార్జింగ్ ఆగుతుంది, తెర మసకబారుతుంది, ఆ తర్వాత చల్లారేదాకా వాడనివ్వని హెచ్చరిక వస్తుంది.

విమానం ఆగి ఉన్నంతసేపూ దాన్ని కిటికీ మీంచి తీసి నీడలో, కాళ్ల దగ్గర చల్లగాలి తగిలేచోట ఉంచాలి. కిటికీ తెర దించాలి. మందపాటి కవరు తీసేయాలి. ఎండలో ఉండగా ఛార్జ్ పెట్టకూడదు, ఛార్జింగ్ కూడా వేడి పుట్టిస్తుంది. చల్లార్చడానికి ఐసు మీద పెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం అస్సలొద్దు. లోపల తేమ పడుతుంది. మీ దుకాణానికి వచ్చేవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

టాబ్లెట్ బ్యాటరీ అంటుకుంటే? చేతిలోంచి జారి పడితే?
— బ్యాంకు ఉద్యోగి, నిజామాబాద్

జారి పడటం చాలామంది అనుకునేదానికంటే పెద్ద సంగతి. 2014 ఫిబ్రవరి 9న బ్రిటన్ వాయుసేన వాయేజర్ విమానంలో, అది ఏ330 రకమే, కెప్టెన్ కెమెరా ఒకటి సీటు చేతిపట్టుకూ పక్కనున్న కంట్రోల్ స్టిక్‌కూ మధ్య ఉంది. సీటు ముందుకు జరిపేసరికి కెమెరా స్టిక్‌ను ముందుకు నెట్టింది. విమానం 27 సెకన్లలో 4,400 అడుగులు కిందికి పోయింది. ఆ స్థానంలో టాబ్లెట్ ఉన్నా జరిగేది అదే. అందుకే టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో టాబ్లెట్ బిగించిన స్టాండ్ మీదైనా ఉండాలి, లేదా దాచేసి ఉండాలి. ఒళ్లో పెట్టుకోవడం, పెడల్స్ మీదికి జారే చోట ఆనించడం కుదరదు.

బ్యాటరీకి వస్తే, మామూలు ఐప్యాడ్‌ది సుమారు 29 వాట్ అవర్లు. విమానంలో మోసుకెళ్లే పరికరాలకు పెట్టిన మామూలు హద్దు 100. అది తనంతట తాను అంటుకోవడం అరుదు. సీటు యంత్రంలో ఇరుక్కుని నలిగితేనే భయం. 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ నుంచి మ్యూనిక్ వెళ్తున్న లుఫ్తాన్సా ఏ380లో ఒక ప్రయాణికుడి టాబ్లెట్ బిజినెస్ క్లాస్ సీటులో ఇరుక్కుని వంగిపోతే, 461 మంది ప్రయాణికులున్న విమానాన్ని బోస్టన్‌లో దించారు. అతి జాగ్రత్త అనిపించొచ్చు గానీ సముద్రం మీదికి వెళ్లే ముందు అదే సరైన నిర్ణయం. మీ ఫోనో టాబ్లెట్టో సీటు సందులో పడితే సీటు కదపకుండా సిబ్బందిని పిలవమనడం ఇందుకే.

మంట వస్తే ముందు హాలాన్ సిలిండర్‌తో మంట ఆర్పుతారు. తర్వాత నీళ్లు గానీ ఆల్కహాల్ లేని మరే ద్రవం గానీ పోస్తూ చల్లారుస్తారు, లేకపోతే బ్యాటరీలోని పక్క సెల్ అంటుకుని మళ్లీ మొదలవుతుంది. ఐసు కప్పకూడదు, అది వేడిని లోపలే నిలిపేస్తుంది. తెర కాస్త పైకి లేచినట్టు, వీపు ఉబ్బినట్టు కనబడిన టాబ్లెట్‌ను విమానం ఎక్కించకుండా కిందే వదిలేయాలి.

హ్యాకర్లు దాని ద్వారా విమానాన్ని చేజిక్కించుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

విమానాన్ని కాదు, అంకెలను. పైలట్లు టేకాఫ్ లెక్కలకు వాడే ఎయిర్‌బస్ ఫ్లైస్మార్ట్ యాప్‌లలో ఒకదానిలో ఒక భద్రతా అమరిక ఆపేసి ఉందని, అంటే హోటల్ వైఫైలాంటి చోట అప్‌డేట్ చేసుకుంటే డేటా మార్చే వీలుందని పెన్ టెస్ట్ పార్టనర్స్ అనే బ్రిటిష్ సంస్థ కనిపెట్టింది. 2022లో ఎయిర్‌బస్‌కు చెప్పింది, లోపం దిద్దాక 2024లో బయటపెట్టింది. అక్కడైనా పట్టుకోవలసింది పైన చెప్పిన మూడో అంకే.

మ్యాచ్ రోజు పైలట్లు దాన్లో స్కోరు చూసుకుంటారా?
— చాలామంది

చూడకూడదు. 2009 అక్టోబరు 21న అమెరికాకు చెందిన నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్లిద్దరు సొంత లాప్‌టాప్‌లలో మునిగిపోయి దిగవలసిన మినియాపొలిస్‌ను దాటి 150 మైళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత 2014లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, విమానం నడిపే సమయంలో సొంత పనికి ఇలాంటి పరికరాలు వాడటాన్ని నిషేధిస్తూ నియమం తెచ్చింది.

మా అబ్బాయి పైలట్ శిక్షణకు వెళ్తున్నాడు. ఏ ఐప్యాడ్ కొనాలి?
— వ్యవసాయదారుడు, భీమవరం

ముందు స్కూల్‌ను అడగండి, కొన్నిచోట్ల వాళ్లే ఫలానాది అంటారు. ఎంపిక మీదే అయితే వైఫై ఒక్కటే ఉన్నది కొనొద్దు, దాన్లో జీపీఎస్ ఉండదు. సిమ్ పెట్టే సెల్యులార్ మోడల్‌లోనే ఉంటుంది. మ్యాప్ మీద తన చోటు కనబడాలంటే అదే కావాలి, సిమ్ వేయకపోయినా ఫరవాలేదు. అయితే తెర మీది ఆ చుక్కను చూసి విమానం నడపకూడదని అబ్బాయికి చెప్పండి, అది సాయం మాత్రమే. చిన్న శిక్షణ విమానంలో తొడకు కట్టుకోవడానికి మినీ సైజు హాయి, 11 అంగుళాలది స్టిక్‌కు అడ్డొస్తుంది. చలువ కళ్లద్దాలు పోలరైజ్డ్ రకం వద్దు, వాటిలోంచి కొన్ని తెరలు ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి. మెరుపు తగ్గించే మ్యాట్ గార్డ్ ఒకటి వేయించండి. సెకండ్ హ్యాండ్‌దైతే బ్యాటరీ పరిస్థితి చూడకుండా తీసుకోవద్దు.